అంగుళమ్మ ఇక నేర్పనంది

మా వదినను ఫ్యాక్టరీలో అంగుళమ్మ అనేవాళ్ళు. టేపు ఎప్పుడూ మెడలో వేలాడుతూనే ఉండేది కానీ దానితో ఆమెకు పెద్దగా పనిలేదు. మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, భుజం పదిహేనున్నర, చెయ్యి ఇరవై రెండు అనేది. తర్వాత కొలిస్తే పావంగుళం తేడా కూడా వచ్చేది కాదు. మా అన్నయ్య ఆ ఫ్యాక్టరీకి వ్యానులో గుండీలూ జిప్పులూ చేరవేసే రోజుల్లో ఆమె అతనితో అన్న మొదటి మాట, "మీ ఎడమ భుజం అరంగుళం కిందికుంది, బస్తాలు ఆ వైపే మోస్తారా?" అని. తనను అంత శ్రద్ధగా చూసిన మనిషి భూమ్మీద ఇంకొకరు లేరని అన్నయ్యకు అప్పుడే తేలిపోయిందట. అది శ్రద్ధ కాదనీ, వంకర కంటపడితే తాను ఊరుకోలేననీ వదిన ఇప్పటికీ సరిదిద్దుతుంది.

ఊరుకోలేని ఆ మనిషి పద్నాలుగేళ్ళు ఊరుకోవలసి వచ్చింది. ఆ కోపం గురించి చెప్పాలని కూర్చున్నాను. అందులో నా పాపం కూడా కొంత ఉంది కనుక చెప్పవలసినదాన్ని నేనే. నేను బడిలో గుమాస్తాను. కింది రెండు గదుల్లో అన్నయ్యా వదినా, పై గదిలో నేను. పొద్దున టీ మాత్రం ముగ్గురం కలిసే తాగుతాం.

వదిన వాళ్ళమ్మ ఒక పెద్దాసుపత్రిలో వార్డు ఆయాగా చేసేది. ఆయాలకు ఇచ్చే నీలం కోటు మగవాళ్ళ కొలతకు కోసినది. చేతులు రెండు మడతలు పెడితే గాని వేళ్ళు బయటికి వచ్చేవి కావు. చంక బాగా కిందికి దిగి ఉండేది. చంక దిగిన కోటు వదులుగా ఉంటుంది కదా, హాయిగా ఉంటుందనుకుంటాం. అది తప్పు. చెయ్యి పైకెత్తితే కోటంతా చేతితోపాటు లేస్తుంది, ఇంకాస్త ఎత్తితే పక్క కుట్టు పిగిలిపోతుంది. సెలైను సీసా తగిలించడానికి రోజుకు ఇరవైసార్లు చెయ్యెత్తే మనిషికి కుట్టెలా నిలుస్తుంది? చిరిగిన కోటుతో డ్యూటీకి వస్తావా, సిగ్గులేదా అని పెద్ద నర్సు రోగుల ముందే కడిగేసేదట. ఆమె ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని మళ్ళీ అదే కుట్టు వేసుకునేది. ఇలా ఎందుకు కుడతారమ్మా అని పదేళ్ళ వదిన అడిగితే ఆ తల్లి చెప్పిన జవాబు ఇది: "ఎవరో గీస్తారే. వాళ్ళు గీసినదాంట్లో మనం దూరాలి."

ఆ గీసేది ఎవరో తెలుసుకోవాలని వదిన అప్పుడే అనుకుంది. కొంచెం పెద్దయ్యాక, ఆ గీసేది తానే కావాలనుకుంది. అందరూ లక్ష్యం లక్ష్యం అంటుంటారే, ఆమెకు ఉన్నది అదొక్కటే. చెయ్యెత్తినా చిరగని కోటు గియ్యాలి.

ఇరవై ఆరేళ్ళప్పుడు యూనిఫారాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో చేరింది. దారాల బల్ల దగ్గర మొదలు. కుట్టిన బట్టలకు వేలాడే దారపు కొసలు కత్తిరించడం పని. తర్వాత కాలర్ మిషను, ఆ తర్వాత శాంపిల్ విభాగం. శాంపిల్ టైలర్ అంటే వెయ్యి బట్టలు కుట్టబోయే ముందు కొనేవాళ్ళకు చూపించడానికి ఒక్క బట్ట కుట్టే మనిషి. ఆమె కన్ను మాత్రం హాలు చివర అద్దాల గదిలో ఉన్న పొడుగాటి బల్ల మీద ఉండేది. అది ప్యాటర్న్ మాస్టర్ బల్ల. ఆ బల్ల మీద దళసరి కాగితం పరిచి వీపు, ఛాతీ, చెయ్యి, కాలర్ విడివిడిగా గీసి కోస్తారు. ఆ కాగితం ముక్కల్ని పెట్టే కటింగ్ విభాగంలో వేల బట్టలు కోస్తారు. అక్కడ గీత పావంగుళం జరిగితే ఇక్కడ వెయ్యిమందికి మెడ బిగుస్తుంది.

అప్పటి మాస్టర్ని అందరూ పెద్దమాస్టారు అనేవాళ్ళు. విద్య పంచితే తరిగిపోతుందని నమ్మే మనిషి. ఎవరైనా గదిలోకి అడుగుపెడితే గీస్తున్నదాని మీద పాత పేపరు కప్పేసేవాడు. వదిన ఏం చేసిందంటే, పనికిరావని పక్కన పడేసిన బట్టలు అడిగి ఇంటికి తెచ్చుకుని, కుట్లన్నీ విప్పి, ముక్కల్ని ఇస్త్రీ చేసి, వాటి అంచు వెంబడే న్యూస్ పేపర్ల మీద గీసుకుంది. మా ఇంట్లో వార్తలు చదవాలంటే ఎవరిదో ఒకరి వీపు చూడాల్సి వచ్చేది. అన్నయ్య ఒక పాత తలుపు తెచ్చి కాళ్ళు కొట్టి బల్ల చేశాడు. గొళ్ళెం ఉన్నచోట కన్నం అలాగే ఉండిపోయింది. చాక్ ముక్క అందులోంచి జారి కింద పడినప్పుడల్లా వదిన వంగి తీసుకుంటూ తలుపుని తిట్టేది, తెచ్చినవాణ్ణి కాదు. రెండేళ్ళు సాయంత్రం కాలేజీకి వెళ్ళి సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది.

ఈలోగా పెద్దమాస్టారికి చూపు మందగించింది. ఒకరోజు అద్దాల తలుపు లోపలి నుంచి గడియ వేసి వదినని పిలిచి, ఈ చంక గీత కాస్త చూడు తల్లీ అన్నాడు. ఆ కాస్త చూడడం మూడేళ్ళు సాగింది. గీసేది ఆమె, సంతకం ఆయనది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పదవీ విరమణ రోజున ఆయన అందరి ముందూ నిలబడి, మూడేళ్ళుగా నా చేతులు ఈవిడవే అని చెప్పాడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. వదిన ఆ రాత్రి మా ఇద్దరికీ తన కొత్త గదిలో బల్ల ఏ వైపుకు తిప్పుకుంటే వెలుతురు పడుతుందో వివరించి చెప్పింది.

ఆ తర్వాతి సోమవారం కొత్త మాస్టర్ దిగాడు. బయటి మనిషి. మీకు కంప్యూటర్ రాదు కదా అన్నాడు మేనేజరు. భోజనం వేళలో ఆ కంప్యూటర్ మీద నేర్చుకుంటానంటే, అది ఖరీదైనది, చేతులు పెట్టకూడదన్నాడు. కొత్తాయనతో మాత్రం, ఏ అనుమానం ఉన్నా అంగుళమ్మని అడగండి, అన్నీ చెబుతుంది అన్నాడు. వదిన చెప్పింది. ఏ గుడ్డ ఎటు సాగుతుందో, ఏ ఆసుపత్రి వాళ్ళు వేడినీళ్ళలో ఉడకబెడతారో, ఏ సెక్యూరిటీ కంపెనీలో పొట్టలు ఎక్కువో, అన్నీ చెప్పింది. రెండేళ్ళలో ఆయన పని నేర్చుకుని పెద్ద కంపెనీకి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కృతజ్ఞతగా ఒక గోడ గడియారం ఇచ్చాడు. టైము చూసుకోమని కాబోలు.

రెండో ఆయన వచ్చినప్పుడు కారణం వేరు. బయటి కంపెనీలతో మాట్లాడాలి, మీకు మాట్లాడడం అలవాటు లేదు అన్నారు. మూడో ఆయన వచ్చినప్పుడు, కటింగ్‌లో పదిమంది మగవాళ్ళున్నారు, మీ మాట వింటారో వినరో అన్నారు. ఆ పదిమందీ గీత అర్థంకాక రోజూ ఆమె మిషను దగ్గరికే వచ్చి అడిగేవాళ్ళు. ఆ ఇద్దరికీ వదినే నేర్పింది. ఇద్దరూ నేర్చుకుని పోయారు.

ఏటా ఒకసారి ఆఫీసు వాళ్ళు లక్ష్య పత్రం అని ఒక కాగితం ఇచ్చేవాళ్ళు. ఐదేళ్ళలో మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు అని అందులో ఒక గడి. వదిన ప్రతి ఏడూ ఆ గడిలో ఒకటే రాసింది, ప్యాటర్న్ మాస్టర్ బల్ల దగ్గర అని. అద్దాల గది ఆమె మిషనుకు నలభై అడుగుల దూరం. ఆ నలభై అడుగులు నడవడానికి ఐదేళ్ళ చొప్పున ఎన్నిసార్లు అడుగుతారో చూద్దాం అనేది.

ఇక నా సంగతి. ఆమె గొడవ చెప్పినప్పుడల్లా నేను ఒకటే పాట. ఓపిక పట్టు వదినా. నిదానమే ప్రధానం. చెట్టు పెట్టగానే కాయ కాస్తుందా. నా దగ్గర సామెతలు సంచీడు ఉండేవి, మనిషిని బట్టి ఒకటి తీసి ఇచ్చేదాన్ని. మూడో మాస్టర్ వచ్చిన రోజు కూడా ఇచ్చాను. వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు ఓపిక పట్టమన్నప్పుడల్లా వాళ్ళ దగ్గర జీతం లేని ఉద్యోగం చేస్తున్నావు. అది తెలుసుకో" అంది.

నాకు రోషం వచ్చింది. నాలుగు రోజులు టీకి కిందికి దిగలేదు. ఐదో రోజు అన్నయ్య పైకి వచ్చి, టీ కాచి కాచి గిన్నె అడుగంటింది, మీ ఇద్దరిలో ఎవరిది తప్పయినా నేను ఒప్పుకుంటాను, రా అన్నాడు. దిగాను. కానీ ఆ మాట ముల్లులా ఉండిపోయింది.

మూడో మాస్టర్ వెళ్ళిపోయిన నెలలో వదిన దరఖాస్తు రాసింది. సర్టిఫికెట్ నకలు, ఆమె గీసిన ప్యాటర్న్‌ల జాబితా, కుట్టిన శాంపిళ్ళ వివరం, అన్నీ జత చేసింది. దాన్ని నేనే నీటుగా టైపు చేశాను. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీలో ప్రేరణ వారం అని పెట్టారు. మైకు పట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, ఆరువందల మందిని కళ్ళు మూసుకోమని, మీ కలను చూడండి, దాని వాసన పీల్చండి అన్నాడట. కళ్ళు మూసుకుని కూర్చున్న అరగంటకు ఆ రోజు కోటా తగ్గించలేదని, సాయంత్రం అందరినీ ఆపి పూర్తి చేయించారని వదిన చెప్పింది.

ఆ శుక్రవారం మేనేజరు కబురు పెట్టాడు, మీకొక మంచి వార్త అని. వదిన తను కుట్టుకున్న బూడిదరంగు కోటు వేసుకుని వెళ్ళింది. అన్నయ్య వ్యాను గేటు బయట ఆపుకుని కూర్చున్నాడు. లోపల మేనేజరు బల్ల మీద చుట్టిన కాగితం ఒకటి ఉంది. విప్పి చూపించాడు. వదిన ఫోటో, నిలువెత్తున. నెల క్రితం ఎందుకో చెప్పకుండా తీసి, అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకున్నది. కింద పెద్ద అక్షరాలతో, కలను వదలకు, దారాల బల్ల నుంచి శాంపిల్ విభాగం దాకా పద్నాలుగేళ్ళ స్ఫూర్తి ప్రయాణం అని ఉంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు మేనేజరు.

వదిన దరఖాస్తు సంగతి అడిగింది. అది పరిశీలనలో ఉందన్నాడు. ఆ వెంటనే, కొత్త మాస్టర్ సోమవారం వస్తున్నారు, ఆయన్ని మీరు కాస్త చూసుకోవాలి అన్నాడు.

"నాకు రాదండి" అంది వదిన.

"ఏం రాదు?"

"నేర్పడం. నా కాగితంలో శాంపిల్ టైలర్ అని ఉంది. శాంపిల్ కుడతాను. ఇక నేర్పను."

మేనేజరు అది హాస్యమనుకుని నవ్వాడట. వదిన ఇంటికొచ్చి, ఆ మొదటి మాస్టర్ ఇచ్చిన గడియారం గోడ మీంచి తీసి, బ్యాటరీ ఊడబీకి, మంచం కిందికి తోసేసింది.

నాలుగో మాస్టర్ దాదాపు నలభై ఏళ్ళవాడు. మెత్తని మనిషి. ఒక సైజు పెద్ద చొక్కా వేసుకుని వచ్చాడనీ, భుజం కుట్టు మోచేతి వైపు జారుతోందనీ వదిన ఇంటికొచ్చి చెప్పింది. తక్కినవాళ్ళలా తన గదికి పిలిపించుకోలేదు. తానే ఆమె మిషను దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆసుపత్రి ఆయాల కోట్లు పద్దెనిమిది వందలు కొయ్యాలి. కొత్తరకం నూలు గుడ్డ. వేడినీళ్ళలో ఉతికితే నూలు కురచవుతుంది, ఎంత కురచవుతుందో ముందే చూసుకుని గీతలో అంత వదలాలి. కంప్యూటర్‌లో దానికో గడి ఉంటుంది, అంకె మాత్రం మనిషే వెయ్యాలి. ఆ అంకె కోసం ప్రతి కొత్త గుడ్డనూ ఒక మూర ఉడకబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, కొలిచి చూడడం పెద్దమాస్టారి కాలం నుంచీ వదిన చేసేది. ఏ కాగితంలోనూ లేని పని.

"మేడమ్, ఈ గుడ్డకి ఎంత వదలాలో మీకు తెలుస్తుందన్నారు" అన్నాడు ఆయన.

"నా పని శాంపిల్ కుట్టడం సార్" అంది వదిన.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. మూడో రోజు రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చాడు. టీ తాగింది, మాట మాత్రం చెప్పలేదు. వెనక మేనేజరు తొందరపెడుతున్నాడు. ఆయనకు సొంతంగా గుడ్డ ఉడకబెట్టి చూసేంత వ్యవధి ఇవ్వలేదు. పాత ఉద్యోగంలో వేరే గుడ్డకు వాడిన అంకె వేసి గీసేశాడు.

ఆ వారమంతా వదిన సాయంత్రం పూట ఇదే చెప్పేది. ఆయన మీద నాకు కోపం లేదు, అందుకే ఇంకా మండుతోంది అనేది. నేను ఏమన్నానో చెప్పాలి. ముల్లు ఉందిగా మనసులో. జీతం లేని ఉద్యోగం నేను చెయ్యడం లేదని చూపించుకోవాలి. బాగా చేశావు వదినా, ఒక్క ముక్క కూడా చెప్పకు, తగిన శాస్తి జరగాలి అన్నాను. పద్నాలుగేళ్ళు ఓపిక పట్టమన్నదాన్ని, ఒక్కసారి వద్దన్నాను. ఆ ఒక్కసారే పట్టమనవలసింది.

అన్నయ్య ఒకటే అడిగాడు, ఆ కోట్లు ఎవరికి అని. వదిన లేచి వెళ్ళి కుళాయి విప్పింది.

రెండు నెలలు గడిచాయి. మా వీధి చివరింట్లో ఉండే ఆయా ఒకామె సాయంత్రం బస్సు దిగి వస్తుంటే నేనూ వదినా ఎదురయ్యాం. ఆమె ఒంటి మీద కొత్త నీలం కోటు. చేతులు మణికట్టుకు పైన ఎక్కడో ఆగిపోయాయి. కుడి చంక కింద మూడు పిన్నీసులు వరసగా. వదిన నడివీధిలో ఆగి ఆ పిన్నీసుల మీద చెయ్యి వేసింది.

ఇదేంటి అని అడిగితే ఆ ఆయా ఏడవలేదు, కోపంగా చెప్పింది. రెండు ఉతుకులకే ఇలా అయిందట, వార్డులో అందరివీ అంతేనట. "కొత్త కోటుని నెలకే చింపావంటే నువ్వెలాంటి దానివే అంటున్నారు మమ్మల్ని. ఆ కోసినవాడు ఎవడో వాడి చేతులు పడిపోను" అంది.

వదిన ఆ శాపం మొత్తం నిలబడి విన్నది. తర్వాత, ఆ కోటు ఇవ్వు, రేపు పొద్దున ఇస్తాను అంది. ఇంటికొచ్చి పక్క కుట్టు విప్పి చంకలో పలకలాంటి ముక్క ఒకటి వేసి చెయ్యి ఆడేలా చేసింది. చేస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. మేనేజర్ని, మైకువాణ్ణి, నన్ను, అందరికన్నా ఎక్కువగా తనను. మా అమ్మకు జరిగినదాన్ని నా చేత్తో నేను పద్దెనిమిది వందల మందికి చేశాను, ఆ మేనేజరుకు శాస్తి చేద్దామని వీళ్ళకు చేశాను అంది. ఆదివారం నలుగురు ఆయాలు వచ్చారు, ఆ పై ఆదివారం పదకొండుమంది. అన్నయ్య బయట కుర్చీలు వేసేవాడు, నేను కుట్లు విప్పేదాన్ని. అలా ఒక అరవై కోట్లు సరిచేసింది. మిగతావి అలాగే ఉన్నాయి.

ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు ఒక పూటలో తేల్చేశారు, తప్పు మాస్టర్‌దని. నాలుగో మాస్టర్‌ని తీసేశారు. ఆ సంగతి తెలిసిన వెంటనే వదిన మేనేజరు గదికి వెళ్ళింది. నాకు తెలిసీ చెప్పలేదు, తప్పు నాది కూడా, ఆయన్ని వెనక్కి పిలవండి అంది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడట. "మీరెందుకు చెప్పాలమ్మా. మీ కాగితంలో శాంపిల్ టైలర్ అనే ఉందిగా" అన్నాడు. ఆమె మాట ఆమెకే తిరిగిచ్చాడు. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చాడు. పద్దెనిమిది వందలూ మళ్ళీ కొయ్యాలి, ఈసారి మీరే గీసిపెట్టండి, పేరు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. పేరు ముందు అంది వదిన. అయితే సీనియర్ శాంపిల్ కోఆర్డినేటర్ అని ఇస్తామన్నాడు.

"అంటే ఏం చేస్తారండీ వాళ్ళు?" అని అడిగింది.

"ఇప్పుడు మీరు చేస్తున్నదే" అన్నాడు.

మా వదిన అక్కడ అరిచి ఉంటుందని మీరు అనుకుంటే పొరపాటు. సరే గీస్తాను అని అద్దాల గదిలోకి వెళ్ళింది. ఆ పని ఆయన కోసం కాదు. రెండు రోజులు గుడ్డ ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ ఉడకబెట్టి కొలిచింది. చంక గీత పైకి జరిపి, చేతి పైభాగం వెడల్పు చేసి, ఆడమనిషి కొలతకు పదకొండు ముక్కలు గీసింది. ప్రతి ముక్క అంచునా చెరగని సిరాతో, గీసినది అని రాసి తన పూర్తి పేరు రాసింది. ఫ్యాక్టరీలో చాలామందికి ఆమె అసలు పేరు అప్పుడే తెలిసింది. మేనేజరు చూసి, ప్యాటర్న్ మీద పేర్లు రాసే పద్ధతి లేదు, కత్తిరించెయ్యండి అన్నాడు.

"కత్తిరించుకోండి. గీత మీదే రాశాను. పేరు పోతే కొలత పోతుంది" అంది. ఆ పక్కనే రాజీనామా కాగితం పెట్టి బయటికి వచ్చింది.

ఆ వారంలోనే నాలుగో మాస్టర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. నన్నూ తోడు తీసుకెళ్ళింది. మూడో అంతస్తు, మెట్ల మీద ఎవరివో పిల్లల సైకిళ్ళు. తలుపు ఆయనే తీశాడు. లోపలికి రమ్మనలేదు. వదిన చెప్పవలసిందంతా గుమ్మంలోనే నిలబడి చెప్పింది, ఏదీ దాచకుండా, తగ్గించకుండా. ఆయన విని, "మూడుసార్లు అడిగానండి మిమ్మల్ని. మూడుసార్లు" అన్నాడు. ఆ తర్వాత తలుపు వేసేశాడు, గట్టిగా కూడా కాదు. మెట్లు దిగుతూ నేనేదో ఓదార్చబోయాను. ఆయన కోపాన్ని తగ్గించడానికి నువ్వెవరు, అది ఆయనది, ఉండనీ అంది.

ఆమె మానేసిన ఏడాదికి మా బడి యూనిఫారాల పని మీద ప్రధానోపాధ్యాయురాలితో కలిసి ఆ ఫ్యాక్టరీకి వెళ్ళవలసి వచ్చింది. గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఎదురుగా వదిన, నిలువెత్తున, కలను వదలకు అంటూ. నా చేతిలో ఫైలు ఉంది. అది బల్ల మీద పడేసి, ఈవిడ ఇక్కడ పనిచెయ్యడం లేదు, ఏడాదైంది, ఈ ఫోటో ఎందుకుంచారు అని అడిగాను. ఆవిడ మాకందరికీ స్ఫూర్తి మేడమ్ అంది రిసెప్షన్ అమ్మాయి, నిజంగానే నమ్మి. నాకు జీవితంలో ఎప్పుడూ రానంత గొంతు వచ్చింది. ఏం అరిచానో సరిగ్గా గుర్తులేదు, జీతం లేని ఉద్యోగం అన్న మాట మాత్రం రెండుసార్లు అన్నాను. ప్రధానోపాధ్యాయురాలు గడియారం చూసుకుంది. అనుమతి పత్రం మీద సంతకం ఉంది కనుక ఫోటో కంపెనీదేనని ఎవరో వచ్చి చెప్పారు. యూనిఫారాల ఆర్డరు కూడా వాళ్ళకే వెళ్ళింది, నేను గుమాస్తాను కదా.

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. "అరవాల్సిన రోజుల్లో ఓపిక పట్టమన్నావు. ఇప్పుడు అరిచి ఏం సాధించావు?" అంది. మళ్ళీ తనే, గొంతు నొప్పి పుట్టి ఉంటుంది, వేడినీళ్ళు తాగు అంది.

ఇప్పుడు ఆమె సైకిళ్ళ దుకాణం పైన రెండు గదుల వర్క్‌షాపులో పనిచేస్తోంది. ఎనిమిది మిషన్లు. చిన్న క్లినిక్కులకు కోట్లు, ఏప్రన్లు, పిల్లల వానకోట్లు కుడతారు. జీతం మునుపటికన్నా తక్కువ. నియామక కాగితంలో ప్యాటర్న్ మాస్టర్ అని ఉంది. మొదట 'న' వత్తు మింగేసి తప్పుగా కొట్టి ఇస్తే, వదిన రెండుసార్లు తిప్పి పంపి సరిగ్గా కొట్టించుకుంది. ఓనరు ముసలాయన, గుండీలకు కాజాలు కుట్టే మిషను మీద తానూ కూర్చుంటాడు. ఒక అక్షరానికి ఇంత పట్టుదలేమిటమ్మా అన్నాడట. అక్షరాల దగ్గర మొదలుపెడితే అంగుళాల దాకా వస్తారు మీరు అందట ఈవిడ.

సాయంత్రాలు కంప్యూటర్ ప్యాటర్న్ కోర్సుకు వెళ్తోంది. మేనేజరు చెప్పిన కారణాల్లో అదొక్కటే నిజమనీ, ఆ ఒక్క నిజాన్ని కూడా వాడి దగ్గర ఉంచదలుచుకోలేదనీ అంటుంది. తరగతిలో అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళు. మొదటిరోజు మాస్టారు ఈమెను చూసి, ఆంటీ, పాపని చేర్పించడానికి వచ్చారా అని అడిగాడు. ఆయన చొక్కా వెనక భాగం కాలర్ దగ్గర ఎందుకు ఉబ్బుతోందో ఆమె అందరి ముందూ చెప్పింది. ఇప్పుడు పేరు పెట్టి, గారు చేర్చి పిలుస్తున్నాడు.

పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. దాని తీగ వదులు, కాస్త కదిలితే ఆగిపోతుంది. మొన్న ఆదివారం వదిన పిల్లల వానకోటుకు టోపీ గీస్తోంది. అన్నయ్య తీగ పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కన కూర్చుని మౌస్‌ని కొంచెం నెమ్మదిగా జరపమని చెప్పబోయి, నెమ్మది అన్న మాట దగ్గర ఆగిపోయాను. వదిన తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "చెప్పు, చెప్పు, ఏ సామెత?" అంది. అన్నయ్యకు నవ్వొచ్చి చెయ్యి కదిలింది. తెర నల్లబడిపోయింది, గంటన్నర పని పోయింది.

ఆమె మా ఇద్దరినీ వరసగా తిట్టింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, తీగ సరిగ్గా పట్టుకోమని అన్నయ్యకు చెప్పి, టోపీ మొదటి గీత నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.